మూట కట్టిన దుప్పటి

ఆ మాట ఇంగ్లీషులో అన్నాడు. ఆమెకు మంట అక్కడే.

అర్థమయ్యే మాటల్లో అని ఉంటే అక్కడికక్కడే కడిగి పారేసేది. ఆ లాండ్రీలో పంతొమ్మిదేళ్ళుగా ఆమె నోటికి జడవనివాళ్ళు లేరు. కానీ సోమవారం పొద్దున పనివాళ్ళందరినీ లెక్కల బల్ల దగ్గర నిలబెట్టి, పోయిన వారం ఆసుపత్రి దుప్పట్లు రెండు వందల పన్నెండు తక్కువొచ్చాయని కొత్త గుమాస్తా చదివాడు. "ఎలా పోయాయయ్యా?" అని యజమాని అడిగాడు. గుమాస్తా చేతిలోని కాగితం అంచుతో ఆమెను చూపించి, "షీ లాస్ట్ కౌంట్, సర్," అన్నాడు. యజమాని తలాడించాడు. అర్థమైనవాళ్ళు తలాడించారు, అర్థం కానివాళ్ళు ఇంకా గట్టిగా తలాడించారు. ఏమని తిట్టాడో తెలియక ఆమె ఒక్కతే నోరు వెళ్ళబెట్టి నిలబడింది.

అందరూ ఆమెను లెక్కలక్క అంటారు. ఆసుపత్రి వ్యాను వచ్చి మాసిన దుప్పట్లను గుట్టగా పోసి వెళ్ళాక, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి దాని ముందు నిలబడిందంటే ఇక ఎవరు పిలిచినా పలకదు. ముందు ఒక దుప్పటి నేల మీద పరిచి "ఒకటి" అంటుంది. దాని మీద రెండు, మూడు అంటూ ఒక్కొక్కటే అంచు పట్టి విదిలించి వేస్తుంది. విదిలించకపోతే లోపల సూదులుంటాయి, గాజు పెంకులుంటాయి, ఒకసారి ఎవరివో కట్టుడు పళ్ళు దొరికాయి. వందోది పడగానే కింద పరిచిన దుప్పటి నాలుగు మూలలూ ఎత్తి రెండు ముడులు బిగించి, మూటను మోకాలితో ఒక్క తోపు తోసి, పక్కనున్న రేకు డబ్బాలో ఒక గుండీ వేస్తుంది. అవి రోగుల చొక్కాల నుంచి ఊడినవి. సాయంత్రానికి డబ్బాలో ఎన్ని గుండీలుంటే అన్ని మూటలు వచ్చినట్టు.

ఉతికి, ఆరి, ఇస్త్రీ అయిన దుప్పట్లను చివరి గదిలో మడతల పిల్ల కూడా అచ్చం అలాగే మూటలు కడుతుంది. నేర్పింది లెక్కలక్కే. ఇన్ని మూటలు వచ్చాయి, ఇన్ని మూటలు వెళ్ళాయి, ఇన్నాళ్ళూ అదే లెక్క. రెండు నెలల కిందట టై కట్టుకుని గుమాస్తా వచ్చాడు. మూటల లెక్క మొరటుగా ఉందన్నాడు, దుప్పట్ల లెక్క కావాలన్నాడు, కంప్యూటరు పెట్టించాడు. పోయిన వారం దాంట్లో మొదటిసారి లెక్క తీసేసరికి రెండు వందల పన్నెండు మాయం.

"చూడమ్మా," అన్నాడు యజమాని, ఆమె మొహం చూడకుండా. "శనివారం ఆసుపత్రి మేడమ్ లెక్కలు చూడ్డానికి వస్తున్నారు. అప్పటిదాకా నువ్వు తడి గదిలో పని చెయ్యి. శనివారానికి ఈ సంగతి తేలితే సరే. తేలకపోతే నేనేం చెయ్యలేను, నువ్వు ఇంకోచోట పని చూసుకోవాల్సిందే."

"సార్, నేను ఒక్కటంటే ఒక్కటి కూడా..."

"శనివారం చూద్దాం."

గుండీల డబ్బా మూత పెట్టి ఆమె బల్ల కిందికి తోసింది. ఆ బల్ల అంచు ఆమె నడుము రాపిడికి ఒకచోట నునుపు తేలి ఉంది. రేపటి నుంచి అక్కడ ఇంకెవరో నిలబడతారు.

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే చెప్పులు కూడా విప్పకుండా ఆడపడుచు గదిలోకి వెళ్ళింది. ఆడపడుచు ఒక చిన్న బడిలో ఇంగ్లీషు చెబుతుంది. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఒకే వంటిల్లు కాబట్టి మాట్లాడుకుంటారు, లేకపోతే అదీ ఉండదు.

"లాస్ట్ కౌంట్ అంటే ఏంటి?"

ఆడపడుచు ఎర్ర పెన్ను ఆపింది. "లెక్క తప్పడం. లెక్కపెడుతూ పెడుతూ ఎక్కడున్నామో మర్చిపోతామే, అది. ఎవర్నన్నారు?"

"నన్నే."

ఆడపడుచుకు ఫక్కున నవ్వొచ్చింది. వదిన మొహం చూసి ఆ నవ్వును సగంలోనే మింగేసింది.

"నన్ను దొంగ అన్నా ఇంత బాధపడేదాన్ని కాదు," అంది లెక్కలక్క. "దొంగకైనా తను ఎన్ని తీసిందో తెలుస్తుంది. లెక్క తప్పానంటాడా? నన్ను? వాడు పుట్టకముందు నుంచీ..." ఆగి వేళ్ళ మీద చూసుకుంది. "లేదులే, వాడికి పాతికేళ్ళుంటాయి. వాడు పలక పట్టినప్పటి నుంచీ నేను లెక్కపెడుతున్నాను."

కోపంలో కూడా సరిచూసుకుంది. అదీ ఆమె.

*

మంగళవారం పొద్దున తడి గదిలోకి మారే కాగితం మీద సంతకం పెట్టడానికి గుమాస్తా గదిలోకి పిలిచారు. ఆ గదిలోకి ఆమె ఎప్పుడూ పోలేదు. కంప్యూటరు, కుర్చీ, చిన్న పంకా. అరలో మడతపెట్టిన తెల్ల దుప్పట్ల దొంతర ఒకటి, దాని మీద అంకె వేసిన చీటీ.

"అదేంటో తెలుసా?" అన్నాడు గుమాస్తా. "చివరి గదిలో కట్టిన మూట. నేనే తెప్పించి, నేనే విప్పి, నేనే రెండుసార్లు లెక్కపెట్టాను. తొంభై తొమ్మిది. వంద కాదు. వచ్చినవి మీ వంద లెక్కన, వెళ్ళినవి ఈ లెక్కన కంప్యూటరులో వేశాను. పోయిన వారం రెండు వందల పన్నెండు మూటలు వెళ్ళాయి, రెండు వందల పన్నెండు దుప్పట్లు తగ్గాయి. అంటే ఏంటి? మూటకి ఒకటి. మీరు తొంభై తొమ్మిదికే వంద అని కట్టేస్తున్నారు." కాగితం ఆమె ముందుకి జరిపాడు. "తొంభై తొమ్మిది తర్వాత ఏమొస్తుందో మీకు ఎవరూ చెప్పలేదా?"

ఆమె పెన్ను తీసుకుంది. సంతకం ఎక్కడ పెట్టాలో కనిపించలేదు, కళ్ళ నిండా నీళ్ళు. వాటిని వాడికి చూపించడం ఇష్టంలేక మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

కిటికీకి దుప్పటి ఉంది. పొద్దుటెండ కంప్యూటరు మీద పడకుండా నాలుగు పిన్నులు గుచ్చి వేలాడదీశాడు. ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి. నాలుగు మూలలా మాత్రం ముడతలు, బెత్తెడు మేర నలిగిపోయి, మెలితిరిగి. ముడి వేసి విప్పిన ముడతలు.

ఆమె కన్నీళ్ళు ఉన్నపళంగా ఆరిపోయాయి.

మూట కట్టిన దుప్పటి! ఈ మహానుభావుడు మూట విప్పాడు, లోపలివి లెక్కపెట్టాడు, బయటిది తీసి కిటికీకి కట్టుకున్నాడు. మూటను కట్టిందీ ఒక దుప్పటేనని, అదే మొట్టమొదట "ఒకటి" అని లెక్కలో పడిందని వీడికి తట్టనే లేదు. వీడి దృష్టిలో అది మూట గుడ్డ. రెండు వందల పన్నెండు దుప్పట్లూ ఆసుపత్రికి భద్రంగా చేరాయి, మూటలై చేరాయి. వీడి కంప్యూటరులో తప్ప ఎక్కడా ఒక్కటి కూడా తగ్గలేదు.

"బాబూ, ఆ కిటికీకి..." అని మొదలుపెట్టింది.

అతను వేలెత్తాడు. "బాబు కాదు. సర్ అనాలి."

ఆమె నోరు మూసుకుంది. ఒక్క క్షణం అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. టై ముడి, చొక్కా జేబు, జేబులో రెండు పెన్నులు. చెబితే ఏమవుతుంది? ఈ గదిలో, నాలుగు గోడల మధ్య, ఇద్దరికీ తెలుస్తుంది. వీడు నాలుక కరుచుకుని, మధ్యాహ్నానికల్లా తనే కనిపెట్టినట్టు యజమానికి చెబుతాడు. నన్ను అందరి ముందూ అన్నాడు. నాకు తెలియని భాషలో అన్నాడు. ఉండరా నీ పని చెప్తాను, శనివారం రానీ.

"సరే, సర్," అంది. సంతకం పెట్టింది. అక్షరాలు ఎప్పటికన్నా గుండ్రంగా వచ్చాయి.

*

"నాకు ఇంగ్లీషు నేర్పు," అంది ఆ సాయంత్రం ఆడపడుచుతో. "మొత్తం వద్దు. లెక్కలకి సంబంధించిన మాటలు చాలు. శనివారంలోపు."

"అబ్బో! ఏం, లండన్ వెళ్తున్నావా?"

"ఒకడి పీక పట్టుకోవాలి."

ఆడపడుచు కుర్చీ జరిపి చోటిచ్చింది. పగ అంటే ఆమెకూ ముచ్చటే.

"చూడు వదినా, ఇంగ్లీషు వాళ్ళు మాటల్ని జంటలు జంటలుగా వాడతారు. ఏ మాట పక్కన ఏది కూర్చోవాలో అదే కూర్చోవాలి. మేక్ కౌంట్ అన్నావనుకో, నవ్వుతారు. కీప్ కౌంట్ అనాలి. లెక్కని దగ్గర ఉంచుకోవడం. లూజ్ కౌంట్, అంటే చేజార్చుకోవడం. టోటల్ మాత్రం దానంతట అదే నడిచొస్తుంది. ద టోటల్ కమ్స్ టు."

"మనమూ అంతేగా. మొత్తం ఇంతకొచ్చింది అంటాం."

"అవును సుమా," అంది ఆడపడుచు ఆశ్చర్యపోయి. వదిన ఒక మాట అంటే ఆమె ఒప్పుకోవడం పదేళ్ళలో అదే మొదలు. "ఒకటి కలిపితే మొత్తం ఇంతయింది అనాలంటే, దట్ బ్రింగ్స్ ద టోటల్ టు. రఫ్ కౌంట్ అంటే ఉజ్జాయింపుగా..."

"అది నాకొద్దు. నేనెప్పుడూ ఉజ్జాయింపు చెప్పలేదు. లెక్క కుదరట్లేదు అనాలంటే?"

"ఇట్ డజ్ నాట్ యాడ్ అప్. లెక్క కుదరకపోయినా అనొచ్చు, ఎదుటివాడి మాట నమ్మేలా లేకపోయినా అనొచ్చు."

"రెండూ అంటాను. ఇంకోసారి చెప్పు."

తడి గదిలో మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, మూటలు విప్పి, మరకల దుప్పట్లు వేరు చేసి, పెద్ద యంత్రాల నోళ్ళలో కుక్కడం ఆమె పని. సబ్బు నీళ్ళకి వేళ్ళ కొసలు ముడతలు పడ్డాయి. యంత్రం దడదడలాడుతూ తిరుగుతుంటే దాని దరువుకి పెదాలు కదిపేది. కీప్ కౌంట్. లూజ్ కౌంట్. కమ్స్ టు, కమ్స్ టు, కమ్స్ టు. పక్కన పనిచేసే ముసలాయన, పాపం దిగులుతో మతి చలించిందనుకుని, తన టీలో సగం ఆమెకు పోసేవాడు. విప్పిన ప్రతి మూట కిందా పరిచిన దుప్పటిని ఆమె మిగతావాటి కన్నా కాస్త గట్టిగా విదిలించేది. నువ్వే నా సాక్షివి, ఉండు, అనుకునేది.

అందరికన్నా ముందు ఆ సాక్ష్యం అవసరమైంది మడతల పిల్లకి.

మంగళవారం సాయంత్రం నుంచే, ఎందుకైనా మంచిదని, గేటు దగ్గర సంచులు సోదా చెయ్యమని గుమాస్తా చెప్పాడు. అందరివీ కాదు. ఉతికిన దుప్పట్లు చేతిలో ఉండేది చివరి గదిలోని మడతల పిల్లకి కాబట్టి ఆమె ఒక్కదానిదే. ఇంట్లో మూడేళ్ళ కూతురు, గట్టిగా నాలుగు మాటలు మాట్లాడ్డం రాని మనిషి. గేటు కాపలా ఆయన మొహం పక్కకి తిప్పుకునే, ఆమె సంచిని స్టూలు మీద బోర్లించాడు. దువ్వెన దొర్లింది. టిఫిన్ డబ్బా దొర్లింది. పాప సాక్సు ఒకటి, దగ్గు మందు సీసా. చివరికి నెలసరికని మడతపెట్టి దాచుకున్న గుడ్డ. ఇళ్ళకి వెళ్ళే మగాళ్ళందరూ చూస్తుండగా ఆమె దాన్ని గబగబా సంచిలో కుక్కుకుంది.

బుధవారం మళ్ళీ బోర్లించారు. గురువారం సోదా అయ్యాక ఆమె వీధి మలుపులో ఆగి లెక్కలక్క కోసం ఎదురుచూసింది.

"అక్కా, నేనలాంటిదాన్ని కాదని నువ్వైనా చెప్పవా? దుప్పటి ఆ సంచిలో పడుతుందా అసలు? చూస్తే తెలీదా?"

"శనివారం దాకా ఓర్చుకో. అన్నీ తేలతాయి."

"నీకేమైనా తెలుసా అక్కా?"

లెక్కలక్క ఆ పిల్ల చేతిని పట్టుకుంది. తన వేళ్ళు సబ్బుకి ఎంత మొద్దుబారాయంటే ఆ చెయ్యి చల్లగా ఉందో వెచ్చగా ఉందో తెలియలేదు. చెబితే ఈ పిల్ల పరుగెత్తుకెళ్ళి యజమాని కాళ్ళ మీద పడుతుంది. గదిలో, తలుపు మూసి, గుట్టుగా తేలిపోతుంది అంతా. ఇక శనివారం ఉండదు.

"నాకేం తెలుసే," అంది. "ఇంక రెండు రోజులు. అంతే."

శుక్రవారం మధ్యాహ్నం గుమాస్తా మళ్ళీ లెక్క తీశాడు. సోమవారం నుంచి గురువారం దాకా నూట నలభై ఒక్క మూటలు, నూట నలభై ఒక్క దుప్పట్లు తక్కువ. లెక్కల బల్ల దగ్గర మనిషి మారింది, లెక్క మాత్రం మారలేదు. తను తప్పు చేసి ఉండొచ్చన్న ఆలోచన అతని దరిదాపులకి కూడా రాలేదు. లెక్క తప్పేది ముందు గదిలో కాదు, సరుకు పోయేది చివరి గదిలో అని తేల్చాడు. సాయంత్రం గేటు దగ్గర నాలుగోసారి సంచి బోర్లించి, ఏమీ దొరకకపోయినా, "రేపటి నుంచి రావద్దు. మళ్ళీ కబురు పెట్టేదాకా ఇంట్లోనే ఉండండి," అన్నాడు.

మడతల పిల్ల ఏడవలేదు. స్టూలు మీదున్నవి ఒక్కొక్కటే సంచిలో వేసుకుంది. సాక్సు కింద పడితే వంగి తీసుకుని, దుమ్ము దులిపింది.

పది అడుగుల దూరంలో లెక్కలక్క నిలబడి ఉంది. గొంతు దాకా వచ్చింది మాట. ఇప్పుడే, ఇక్కడే, నలుగురూ ఉన్నారు కదా, చెప్పెయ్. కానీ యజమాని లేడు, ఆసుపత్రి మేడమ్ లేదు, కిటికీ లేదు. నాలుగు రోజులు గుటకలు మింగి దాచుకున్నది ఈ గేటు దగ్గర, ఈ దుమ్ములో పారబోసుకోవాలా? ఒక్క రాత్రేగా. రేపు ఈ పిల్ల పని ఈ పిల్లకి తెచ్చిపెట్టేది నేనే కదా. వడ్డీతో సహా తెచ్చిపెడతాను.

ఆ సాయంత్రం పాఠం సరిగా సాగలేదు. వచ్చిన మాటలే తప్పుగా పలికింది.

"ఏమైంది వదినా నీకు? నిన్న బాగానే చెప్పావుగా," అంది ఆడపడుచు.

"ఏం కాలేదు. మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

*

శనివారం ఆసుపత్రి మేడమ్ పదిన్నరకి వచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, చేతిలో బరువైన సంచి. యజమాని కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు. పనివాళ్ళందరినీ గుమాస్తా గది ముందున్న వరండాలో నిలబెట్టారు. గుమాస్తా కొత్త టైతో వచ్చి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. లెక్కలక్క చెవులు రిక్కించి వింది. నాలుగు మాటలకి ఒక మాట చొప్పున అర్థమైంది. ద టోటల్ కమ్స్ టు అన్నాడు. ఆ మాట ఆమెకు తెలిసిన చుట్టంలా కనిపించింది. ఎగ్జాక్ట్ నంబర్ అన్నాడు. ఆమెకు లోపల్లోపల నవ్వొచ్చింది.

అతను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, ఆమె రబ్బరు బూట్లతోనే టపటపా ముందుకి నడిచింది.

"సర్," అంది. "ఇట్ డజ్ నాట్ యాడ్ అప్."

యజమాని నోరు తెరుచుకుంది. గుమాస్తా తల విదిలించి, "ఏంటి?" అన్నాడు మామూలు మాటల్లో.

"ఇట్ డజ్ నాట్ యాడ్ అప్," అంది ఆమె రెండోసారి, ఈసారి నింపాదిగా. మేడమ్ వైపు తిరిగింది. "అమ్మా, మిగతాది నా భాషలో చెప్తాను. ఆయన గదిలో ఒక మూట విప్పిపెట్టి ఉంది. దాన్ని మీ ముందు ఒక్కసారి లెక్కపెట్టమనండి."

"పెట్టండి," అంది మేడమ్. ఆమెకు సరదాగా ఉన్నట్టుంది.

దొంతర తెచ్చి బల్ల మీద పెట్టారు. గుమాస్తా లెక్కపెట్టాడు. అతని వేళ్ళు దుప్పట్ల మడతల మీద పరుగెత్తాయి, మధ్యలో ఒకసారి ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు. చివరికి తొంభై తొమ్మిది అన్నాడు. చూశారా అన్నట్టు చేతులు చాపాడు.

లెక్కలక్క గదిలోకి వెళ్ళింది. కిటికీ పిన్నులు ఒక్కొక్కటే, తొందరేం లేకుండా, నాలుగూ పీకింది. దుప్పటి కిందికి జారింది. భళ్ళున ఎండ వచ్చి కంప్యూటరు మీద పడింది. దుప్పటిని రెండు చేతులా పట్టుకొచ్చి వరండా మధ్యలో పరిచి, ఒక్కో మూలనీ బూటు కొసతో చూపించింది.

"ముడి ముడత. ముడి ముడత. ముడి ముడత. ముడి ముడత. అమ్మా, మూటని మేం తాళ్ళతో కట్టం, దుప్పటితోనే కడతాం. మొదట పరిచేది ఇది. మొదట లెక్కపెట్టేదీ ఇదే." దాన్ని తీసి దొంతర మీద పెట్టింది. తర్వాతి మాట కోసం ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "దట్ బ్రింగ్స్ ద టోటల్ టు హండ్రెడ్."

మేడమ్ పెద్దగా నవ్వేసింది. "నిజమే! మా దగ్గర స్టోరులో మూటకి వందేసి ఉన్నాయి. పోయింది ఎవరికమ్మా? మాకు ఒక్కటి కూడా తగ్గలేదే! ఇన్ని తగ్గాయని ఈయన ఉత్తరం రాస్తే ఎందుకో అర్థంకాక వచ్చాను నేను."

ముందు ఇస్త్రీ ఆయన నవ్వాడు, తర్వాత టీ పోసిన ముసలాయన, ఆ తర్వాత అందరూ. గుమాస్తా మొహంలో నెత్తురు చుక్క లేదు. లెక్కలక్క అతని ముందుకి వెళ్ళి, ఆరు రోజులుగా నాలుక కింద నానబెట్టుకున్న మాటను బయటికి తీసింది.

"యూ లాస్ట్ కౌంట్, సర్."

ఆ సర్‌ని ఎంత మర్యాదగా పలికిందంటే, అతను తల దించుకుని తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆమె కడుపు చల్లబడింది. ఏళ్ళ తరబడి మోసిన బరువులన్నీ ఒక్కసారి దించినంత హాయిగా ఉంది. నవ్వులు ఆగేదాకా అక్కడే, అతని ముందే నిలబడింది.

"అమ్మ లెక్కలక్కా!" అన్నాడు యజమాని ఆమె భుజం తట్టి. "వెళ్ళి నీ బల్ల దగ్గర నిలబడు తల్లీ. మడతల అమ్మాయికీ కబురు పెట్టండి, సోమవారం రమ్మనండి. ఇంతకీ నువ్వు ఎప్పుడు కనిపెట్టావ్ ఇది?"

అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆ చూపుల్లో చలి కాచుకుంటూ, గొంతు పెంచి చెప్పింది:

"మంగళవారం పొద్దున! ఈయన గదిలో సంతకం పెట్టానే, అప్పుడే!"

*

సోమవారం లెక్కల బల్ల దగ్గర గుండీల డబ్బా ఎప్పటి చోట ఉంది. గుమాస్తా రాలేదు, వేరే పని వెతుక్కుంటున్నాడట. ఆ కబురు ఆమెకు టీ కన్నా తియ్యగా అనిపించింది. ఒకటి, రెండు, మూడు అని గొంతెత్తి లెక్కపెట్టింది. ముప్పై ఆరు గుండీలు పడ్డాయి.

మడతల పిల్ల పొద్దున వచ్చింది. ఆమెను పలకరించకుండా దాటి వెళ్ళి చివరి గదిలో పనిలో పడింది. సిగ్గుపడుతోంది కాబోలు, కృతజ్ఞత చెప్పడం అందరికీ రాదు అనుకుంది లెక్కలక్క.

సాయంత్రం బెల్లు కొట్టాక, అందరూ వెళ్ళిపోతుండగా, ఆ పిల్ల వచ్చి బల్లకి అటువైపు నిలబడింది. భుజం మీంచి సంచి తీసింది. నునుపు తేలిన ఆ చోటే సంచిని బోర్లించింది.

"ఏంటే ఇది?"

"సోదా," అంది పిల్ల.

"పిచ్చిదానా, సోదాలు ఎత్తేశారు. ఇంకెవరూ..."

"మంగళవారం పొద్దునే తెలుసంట కదా నీకు. ఇస్త్రీ ఆయన చెప్పాడు. ఏదో నీ గొప్ప చెబుతున్నట్టు చెప్పాడు." ఆ పిల్ల గొంతు పెంచలేదు. బొటనవేలితో ఒక్కో వేలూ ముట్టుకుంటూ లెక్కపెట్టింది. "మంగళ. బుధ. గురు. శుక్ర. నాలుగుసార్లు. గురువారం నిన్ను అడిగాను కూడా. నాకేం తెలుసే అన్నావ్."

"నీ పని నీకు తెచ్చింది ఎవరనుకున్నావే? నేను కాదూ?"

"నువ్వే. పోగొట్టిందీ నువ్వేగా మరి. శుక్రవారం నేను ఇంటికెళ్ళి మా ఆయనకి ఏం చెప్పానో తెలుసా? దొంగతనం అంటగట్టారని చెప్పాను. నిజంగా ఏమైనా తీశావా అని అడిగాడు. మెల్లగానే అడిగాడు. పాప నిద్రపోతోందని." సంచిలోంచి పడిన వాటి వైపు చూపించింది. "లెక్కపెట్టు అక్కా. నీకు లెక్క తప్పదుగా."

లెక్కలక్కకి చిర్రెత్తుకొచ్చింది. లెక్కపెడితే వెళ్ళిపోతుందేమో అనుకుంది. అంతకన్నా ఏం చెయ్యాలో తెలియలేదు. సబ్బుకి పొట్టు లేచిన వేలితో ఒక్కొక్కటే పక్కకి జరిపింది. దువ్వెన, ఒకటి. టిఫిన్ డబ్బా, రెండు. చెంచా. పిన్నీసులు రెండు, మొత్తం ఐదు. తాళంచెవి. పాప సాక్సు, ఏడు. దాని మడమ దగ్గర చిన్న చిల్లుంది. దగ్గు మందు సీసా. రుమాలు. సగం తిన్న బిస్కెట్ల పొట్లం. మడతపెట్టిన గుడ్డ దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. ముట్టుకోకుండానే పైనుంచి చూపించింది.

"పదకొండు."

"సరిగా చూశావా?"

"పదకొండే."

పిల్ల ఒక్కొక్కటే లోపల వేసుకుంది. ఆఖరున సాక్సు వేసి, సంచిని భుజాన తగిలించుకోబోతూ ఆగి, దాన్ని లెక్కలక్క మొహం ముందుకి ఎత్తి పట్టుకుంది.

"మరి ఇదో?"

లెక్కలక్క ఆ సంచి వైపు చూసింది. పాత నీలం గుడ్డ సంచి. అడుగున ఒక అతుకు.

"ఇవాళ్టికి మంగళవారం సోదా అయింది," అంది మడతల పిల్ల. "ఇంకా మూడున్నాయి. రేపు వస్తాను."